బొమ్మరైలు పట్టాల అర

ఇంటి గోడకు ఒక చిన్న అర బిగించి, మామగారి ముందు నా పరువు నేనే ఎలా తీసుకున్నానో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

సూరత్‌లో గోడాదరాలో ఉంటాం. గోడకు అవతలే మరమగ్గాల కార్ఖానా. మా ఆవిడ సుజాత మట్టితో బొటనవేలంత బొమ్మలు చేస్తుంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న "ఈ మట్టి పిసుకుడేంది?" అని కసిరేవాడట. ఆయన మొదటిసారి మా ఇంటికి వస్తున్నాడు. ఒక్కసారైనా ఆయన తన బొమ్మల్ని మెచ్చుకోవాలని సుజాత ఆశ.

నా చిన్ననాటి బొమ్మరైలులో పట్టాలు మాత్రమే మిగిలాయి. కార్ఖానాకు సెలవు రోజు చూసి, వాటినే అరలా గోడకు బిగించాను. ఏనుగు, బోనమెత్తిన ఆమె, మగ్గం మనిషి, ఇలా బొమ్మలన్నీ పట్టాల మధ్య ముద్దుగా కూర్చున్నాయి.

"జర ఒక దిక్కు వంగినట్టు లేదా?" అంది సుజాత. "చివరన అడ్డం పెట్టరాదు?"

"అడ్డం పెడితే అందం పోతది," అన్నాను. అప్పట్లో నాకు తెలియని విద్య లేదు మరి.

మర్నాడు మామగారు సరిగ్గా ఆ అర కిందే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. బొమ్మల వంక ఒకసారి చూసి, మళ్లీ చాయ్‌లో పడ్డాడు. ఇంతలో అవతల మగ్గాలు మొదలయ్యాయి. వాటితో గోడ అదరడం మాకెంత అలవాటంటే, అది ఉందనే మరిచిపోయాం.

"అల్లుడా, ఏనుగు కదులుతున్నది."

"ప్రయాణం బడలిక మామా. జరసేపు పండుకోండ్రి."

"బడలిక నాకైతే, బోనమెత్తిన ఆమె ఎటు పోతున్నది?"

చూద్దును కదా, ఏనుగు వెనక బోనం, దాని వెనక మిగతావన్నీ వరసగా బయలుదేరాయి! నేను పట్టుకోబోతే "నువ్వు ముట్టకు!" అని తండ్రీకూతుళ్లు ఒక్కసారే అరిచారు. మామగారు చాయ్ వదిలేసి కండువా పట్టాడు. ఒక్కొక్కటే అందులోకి దూకాయి. ఒక్కటీ విరగలేదు.

ఆయన పోగు ముడేస్తున్న మగ్గం మనిషి బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "పోగు అచ్చం గిట్లనే ముడేస్తరు. నువ్వే చేసినవా బిడ్డా? మంచిగున్నది."

సుజాత కళ్లు నిండాయి. నాకూ సంతోషమేసింది. అక్కడితో నోరు మూసుకుని ఉండాల్సింది.

"నా అర వల్లనే కదా మామా, మీ చేతికొచ్చినయి!"

ఆయన బొమ్మలన్నిటినీ కండువాలో మూటగట్టాడు. "ఇవి నా వెంట వస్తయి. మా ఇంట్ల గోడలు కదలయి. అల్లుడు గూడ ఉండడు."

ఖాళీ అర కింద నిలబడి, మగ్గాల సాక్షిగా ఆ క్షణమే ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇక దేన్నీ పట్టాలెక్కించను.