సోమవారం ఊపిరి

మా వీధిలో పరుపులు కుట్టేవాళ్లు పాత దూది ఏకుతున్నారు. కిటికీలోంచి వచ్చిన నూగు గొంతుకు తగిలి దగ్గు తెరలు వచ్చాయి, వాటి వెంటే మల్లన్న గుర్తుకొచ్చాడు.

వరంగల్ మిల్లులో దూదిని దువ్వే విభాగానికి ఆయన మేస్త్రి. నాకు పని నేర్పింది, రోజూ డైరీ రాస్తానని వెక్కిరించింది ఆయనే. "ఏంది తమ్మీ, ఇయ్యాల ఎన్నిసార్లు దగ్గినవో గూడ రాసుకుంటవా?" షిఫ్టు దిగేసరికి అందరి కనుబొమ్మలూ తెల్లబడేవి. తలా ఒక బెల్లం ముక్క పెట్టేవాడు. బెల్లం తింటే దుమ్ము గొంతు దిగిపోతుందని మా నమ్మకం.

ఆదివారం సెలవు. సోమవారం పనిలోకి దిగితే చాలు, మల్లన్నకు ఛాతీ బిగుసుకుపోయేది. గోడ పట్టుకుని నిలబడేవాడు. వారం నడిచేకొద్దీ తేలికపడేది. నాకూ కొంత అంతే. ఆయన ఒకటే తేల్చాడు: "సెలవే మనకు పడ్తలేదు తమ్మీ. ఇంట్ల కూసుంటే పానం ఖరాబైతాంది." అప్పటినుంచి ఆదివారాలూ యంత్రాలు తుడవడానికి వచ్చేవాడు. చిత్రంగా, సోమవారం బిగువు తగ్గింది.

కొన్నేళ్లకు నాలుగు మెట్లెక్కినా రొప్పసాగాడు. ఆయన భార్య రాజక్క పోరు పెడితే దవాఖానకు తీసుకెళ్లాను.

"దూది దుమ్ము. పని మానెయ్యాలి," అన్నాడు డాక్టరు.

"దుమ్మే అయితే సారూ, దుమ్ముల ఉన్నన్ని దినాలు మంచిగుండి, సెలవు తెల్లారే ఛాతీ ఎందుకు బిగుస్తది?"

ఒంటికి దుమ్ము అలవాటవుతుంది, సెలవులో ఆ అలవాటు తప్పి సోమవారం మళ్లీ దుమ్ము తగలగానే ఛాతీ పట్టేస్తుంది, తర్వాత తేలికపడ్డా లోపల చెడుపు ఆగదు అని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. బయటికొచ్చాక మల్లన్న నా మొహం చూశాడు. "నువ్వు చెప్పు, ఎవరిది నిజం?"

"డాక్టరు మాట విను అన్నా," అన్నాను.

విన్నాడు. ఇంట్లో కూర్చున్నాడు. ఆయాసం మాత్రం తగ్గలేదు, పెరిగింది. ఒకరోజు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కపూట మిల్లుకు తోల్కపో తమ్మీ. జర ఊపిరి తీసుకోని వస్త."

"వద్దన్నా," అన్నాను. ఆ వానాకాలం దాటలేదు ఆయన.

ఏళ్ల తరబడి పీల్చిన దుమ్మే ఆయన్ను తీసుకుపోయిందని నాకు తెలుసు. ఆ దుమ్ములోనే ఆయన తేలిగ్గా ఊపిరి తీయడం కూడా కళ్లారా చూశాను. ఇప్పుడు నాకూ ఆయాసమే. ఎప్పుడైనా ఛాతీ నిండా గాలి ఆడితే, ఆ రోజు వద్దన్నది ఆయనకు మేలో కీడో తెలియక, కాసేపు అలాగే నిలబడిపోతాను.