చెప్పకూడని ధైర్యం

పక్కవీధి పాప గౌను పొద్దునే తయారైనా దర్జీ దాన్ని వదలడే! కుట్టులో సూది ఉండిపోయిందేమోనని అనుమానం. ఇలా ఎన్ని గౌన్లు విప్పి మళ్లీ కుట్టాడో! ఇది చాదస్తం కాదనీ, ఓసీడీ అనే జబ్బనీ డాక్టరమ్మ చెప్పింది. ఒక్కసారి చూసి ఇచ్చేయమంది. అడిగినప్పుడల్లా ధైర్యం చెబితే జబ్బు ముదురుతుందని భార్యనూ హెచ్చరించింది.

పాప తల్లి గుమ్మంలోకి వచ్చేసింది. దర్జీ ఒక్కసారి చూడటం అయింది, సూది కనబడలేదు. అయినా అతని మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"సూది లేదు కదే?" అని భార్య చెవిలో గొణిగాడు.

"ఏమో, ఉందేమో," అందామె, అంతే మెల్లగా.

అతను కుట్టు మళ్లీ విప్పకుండానే గౌను అందించాడు. పాప తల్లి వీధి మలుపు తిరిగేదాకా గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అతని వెనక భార్య, "లేదయ్యా" అన్న మాట జారిపోకుండా రెండు చేతులా నోరు మూసుకుంది.