ఆర్డిస్ కొలిచిన బయటి తలుపు

ఆర్డిస్ క్వామీ గురించి ఊళ్లో చాలా అన్నారు. చర్చి మగవాళ్లు ప్రేమతో ఇచ్చిన తలుపును గొడ్డలితో పగలగొట్టిందన్నారు. పక్షవాతం వచ్చిన అక్కను ఇంట్లో బంధించి ఉంచిందన్నారు. ఇతరులు చేసే మేలు ఓర్వలేని మనిషి అన్నారు. ఆ ఇంట్లో గొడ్డలే లేదు కనుక మొదటి మాట అబద్ధం. మిగతా రెండింటినీ జరిగినదాన్ని బట్టి తూచాలి.

అక్క లొరేన్‌కు కుడి చెయ్యి పడిపోయాక, ఆమె కొడుకు కర్టిస్ ఒక షరతు పెట్టాడు. అమ్మ ఎవరి సాయమూ లేకుండా ఇంట్లోంచి బయటికి రాగలిగితే చెల్లెలి దగ్గరే ఉండవచ్చు. రాలేకపోతే మంచు పడేలోగా వృద్ధాశ్రమానికి వెళ్లాలి. కౌంటీ సర్కారు నర్సు వచ్చి స్వయంగా చూసి తేలుస్తుంది.

అమెరికాలో చలి ముదిరే ఆ ఉత్తర మిన్నెసోటాలో వీధి తలుపు తెరిచేది శవపేటికకూ, అపరిచితులకూ మాత్రమే. ఇంటివాళ్లు నడిచేది పక్క తలుపునుంచే. అక్కడ లోపలి తలుపుకు ముందు, చలిగాలికి అడ్డంగా బిగించిన బయటి తలుపు కుళ్లిపోయింది. కొత్తది పెట్టించే భారం లొరేన్ మరిది డ్వేన్ తలకెత్తుకున్నాడు. చర్చి భవనాల బాగోగులు చూసే పెద్ద అతనే.

డ్వేన్ చౌకట్టుకు పైన ఒక్కసారి టేపు చాచి, వెంటనే చుట్టేశాడు.

"ముప్పై ఆరు అంగుళాలు. ఎక్కడైనా అంతే."

"కింద కూడా చూడు డ్వేన్. మంచుకు గడప లేచి చౌకట్టు ఒరిగింది," అంది ఆర్డిస్.

"నేను తలుపులు బిగించడం మొదలెట్టినప్పుడు నువ్వింకా బళ్లో అక్షరాలు దిద్దుతున్నావ్."

శనివారం నలుగురితో కలిసి తలుపు తెచ్చాడు. పైనుంచి కిందిదాకా అద్దం, అద్దం మీద చెక్కిన నీటిపక్షులు, కింద దాతల పేర్లతో ఇత్తడి రేకు. అడుగున పట్టలేదు. మరలు బలవంతంగా తిప్పి, పైన మిగిలిన సందు పూడ్చడానికి డబ్బాలోంచి పసుపు నురుగు కొట్టి, కాఫీ తాగి వెళ్లిపోయారు.

వారం తిరక్కుండానే ఆ నురుగు ఉబ్బి చీములా కారి గట్టిపడింది. ఎండకు అద్దం వెనక వేడెక్కి లోపలి తలుపు రంగు బుడగలెత్తింది. చలికి ఇంట్లో దూరే లావుపాటి ఈగలు ఆ రెండు తలుపుల మధ్య చిక్కి చచ్చాయి. కొన్ని నురుగులోనే అంటుకుపోయి కాళ్లాడించాయి. ఆర్డిస్ వాటిని చీపురుతో ఊడ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుంది. అయినా వాసన పోయినట్టు అనిపించలేదు.

లొరేన్ ఎడమచేత్తో తోసింది, భుజంతో తోసింది. తలుపు కదల్లేదు.

"కొత్తది కదా వదినా, వాడగా వాడగా వదులవుద్దిలే," అన్నాడు డ్వేన్.

ఆదివారం చర్చి కాఫీ దగ్గర తలుపెలా ఉందని అందరూ అడిగారు. "వేరుగా ఉంది," అంది ఆర్డిస్. ఆ ఊళ్లో దానికంటే పెద్ద తిట్టు లేదు. అయినా డ్వేన్ థాంక్స్ చెప్పి ఇంకో బిస్కెట్టు తీసుకున్నాడు.

ఆ సాయంత్రం లొరేన్ కిటికీ దగ్గర కూర్చుని, "నాకు బయట పనేముందిలే," అంది. ఆర్డిస్‌కు ఈగల మీద కలిగిన రోత అప్పుడు మనుషుల మీదికి మళ్లింది. మర్నాడు డ్వేన్‌కు ఫోన్ చేసింది.

"నీ తలుపు తీసుకుపో."

"పేర్లు చెక్కించాం ఆర్డిస్. జనం ఏమనుకుంటారు?"

"ఆ రేకు మీ ఇంటి తలుపుకు కొట్టుకో. అక్క దీన్ని తొయ్యలేకపోతోంది."

"కాస్త మెల్లగా చెప్పొచ్చుగా."

"మెల్లగానే చెప్పాను. నువ్వు బిస్కెట్టు తిన్నావ్."

అతను రాలేదు. ఆమే మరలు విప్పి, తలుపును దుప్పట్లో చుట్టి, చెక్కుచెదరకుండా చర్చికి పంపింది. తర్వాత నురుగు గీకి, చౌకట్టును పైన, మధ్యన, అడుగున అడ్డంగానూ, రెండు అంచులా నడిమినా నిలువుగానూ కొలిచింది. ప్రతిదాంట్లో తక్కువ కొలతనే తీసుకుంది. వాయవ్యపు గాలి వచ్చే వైపు బందులు పెట్టమని వడ్రంగికి చెప్పింది. అలా అయితే గాలి తలుపును మూస్తుందే గాని చేతిలోంచి లాక్కుపోదు, పిడి కూడా లొరేన్ ఎడమచేతికి అందుతుంది. ఎంచుకున్నది పైన చిన్న అద్దం, కింద గట్టి రేకు, మోచేత్తో నొక్కినా దిగే పిడి ఉన్న సాదా తలుపు. వడ్రంగి బిగించాడు.

నర్సు వచ్చినరోజు లొరేన్ పిడి నొక్కి, తోసి, మెట్టు మీదికి వచ్చి నిలబడింది.

"చలిగా ఉంది," అంది.

"లోపలికి రండి మరి," అంది నర్సు.

"తర్వాత వస్తాను."

కర్టిస్ ఆశ్రమం మాట మళ్లీ ఎత్తలేదు.

డ్వేన్ మనుషులు ఒక శనివారం ఖర్చుపెట్టిన మాట నిజం. ఆ శ్రమకైనా ఆర్డిస్ ఒక మంచి మాట చెప్పి ఉండవలసింది, చెప్పలేదు. అది తప్పే. కాని ఆమె ఎవరి తలుపూ పగలగొట్టలేదు, ఎవరినీ బంధించలేదు. అక్క తోయలేని తలుపు తీసేసి, తోయగలిగినది కొలిచి పెట్టించింది.