జామతోటలో నాయనమ్మ పెళ్ళి ఫోటోలు

మా చిన్నప్పుడు... పెత్రమాస పొద్దున నాంపల్లిలో మా కిరాయి ఇంట్లో బాపు స్టూలెక్కి గోడ మీది ఫోటోలు దించేవాడు. పోయినవాళ్ళకు బొట్టు పెట్టే రోజు కదా... నాయనమ్మ చాప మీద కూర్చుని ఒక్కొక్కటీ తుడుస్తుంటే మేం పిల్లలం చుట్టూ మూగేవాళ్ళం.

అందులో మూడు ఆమె పెళ్ళి ఫోటోలు. కరువు ఏడాది పెళ్ళి. ఊళ్ళో బావులన్నీ ఎండిపోతే, తాత వాళ్ళ జామతోట బావిలో మాత్రం కాసిని నీళ్ళు మిగిలాయట. అందుకని ఇంటి ముందు వేయాల్సిన పందిరి తీసుకెళ్ళి జామచెట్ల నడుమ వేశారు. వరి అన్నం లేదు. జొన్నగట్క, పచ్చిపులుసు, పలచటి మజ్జిగ... అంతే విందు.

"పెండ్లికొచ్చినోళ్ళు ఎడ్లకు మేత సుత ఎవలది వాళ్ళే తెచ్చుకున్నరు బిడ్డా" అని చెప్పేది నాయనమ్మ, అదేదో మహా వైభవమైనట్టు!

అంత కరువులో ఫోటోలెందుకు తాతా అంటే, మీసం దువ్వేవాడు. "పంట మల్లేడు పండుతది. పెండ్లి మల్ల మల్ల అయితదా?" ఆబిడ్స్ నుంచి ఫోటో తీసేవాణ్ణి బండి కట్టించి తోటకు తెచ్చింది ఆయనే మరి.

ఒక ఫోటోలో పెళ్ళిజంట. ఒక దాంట్లో బంతి భోజనాలు. ఇంకో దాంట్లో చుట్టాలంతా బిగుసుకుపోయి నిలబడ్డారు... వాళ్ళ వెనక జామచెట్టు చాటున సగం దాక్కున్న ఒక మొహం. చింతగింజంత ఉండేది. ఆమే నాయనమ్మ వాళ్ళ అమ్మ, మా ముత్తవ్వ. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయమట. దాక్కున్నా ఆయుష్షు ఆగలేదు... ఏడాది తిరక్కుండానే పోయింది. ఆమె మొహం ఇంకెక్కడా లేదు. ఆ చింతగింజే.

లక్డీకాపూల్ నుంచి నాంపల్లి ఇంటికి మారినప్పుడు ఆ ఫోటో అద్దం పగిలింది. "రేపు ఏపిస్త" అన్నాడు బాపు. ఆ రేపు ఏళ్ళ తరబడి రాలేదు. నాయనమ్మ మాత్రం బొట్టు మానలేదు... అద్దం లేకపోతే నేరుగా ఫోటో మీదే పెట్టింది. ఏటా పసుపు, ఏటా కుంకుమ, మళ్ళీ ఏడాదికి తడిగుడ్డ. అప్పటికే కళ్ళకు శుక్లాలొచ్చి, వేలితో తడిమి పెట్టేది. ఇక పిల్లలం, మాకైతే ముత్తవ్వ అంటే ఆ ఎర్రచుక్కే!

తర్వాత ఆమెకు కళ్ళ ఆపరేషన్ అయింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చి, చాయ్ కూడా తాగకుండా అంది... "జర ఆ ఫోటో దించుండ్రి, మా అవ్వను సూస్త."

చూసింది. కుంకుమ గోకి చూసింది. కింద వట్టి కాగితం.

"మా అవ్వేది? నా చేత్తోని నేనే తుడిసేసుకున్ననా... గిది సూసేటందుకా నాకు కండ్లొచ్చినయ్?"

ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. ఎప్పుడూ ఏదో ఒకటనే తాత ఆ పూటంతా బయట అరుగు మీదే కూర్చున్నాడు.

మర్నాడు బాపు మూడు ఫోటోలూ పట్టుకుని ఆబిడ్స్‌లో ఒక స్టూడియోకి పోయాడు. మొహం లేనిది మేం ఎక్కణ్ణుంచి తెస్తామన్నారు వాళ్ళు. వట్టి చేతులతో ఇంటికి రాలేక, మిగతా రెండూ పెద్దవి చేయమన్నాడు.

అవి వచ్చిన రోజు నాయనమ్మ మనసులేకుండానే చేతిలోకి తీసుకుంది. బంతి ఫోటో ఇప్పుడు తాంబాలమంత ఉంది. చూస్తూ చూస్తూ నల్లద్దాలు తీసి పక్కన పడేసింది.

బంతి చివర ఒకామె... కొంగు బొడ్లో దోపుకుని, వంగి, ముంతతో మజ్జిగ పోస్తోంది. ఎవరో ఏదో అన్నట్టున్నారు, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది.

"గా ఎడమచెయ్యి సూడుండ్రి! ఎడమచేత్తోని పోస్తవేందని మా నాయన తిడుతనే ఉంటుండె, ఆమె పోస్తనే ఉంటుండె... మా అవ్వ!"

ఇన్నేళ్ళూ మేమంతా ఆ ఫోటోలో తినేవాళ్ళనే చూశాం. వడ్డించేవాళ్ళకేసి ఎవరు చూస్తారు!

నాయనమ్మ ఏడుస్తూ నవ్వింది. "చెట్టు సాటుకు భయపడుతున్న మొకమే యాదికుండె నాకు. గీ నవ్వు మర్చేపోయిన." తాతకు అప్పటిగ్గానీ మాట్లాడే ధైర్యం రాలేదు... "మరి ఫోటోలెందుకన్నరు గదా అందరు!"

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. ఆ బంతి ఫోటో మాత్రం మా ఇంట్లో ఉంది, మందపాటి అద్దంతో. పెత్రమాసకు బొట్టు ముత్తవ్వ చేతిలోని ముంత మీద పెడతాం. "మొకం జోలికి పోకుండ్రి" అని నాయనమ్మ హుకుం మరి.

ఇప్పుడు పెళ్ళంటే వేలకొద్దీ ఫోటోలు... ఫోన్ నిండా మొహాలే, చూసే తీరికే లేదు. ఇంకోటి కూడా మారింది. మొన్న ఇంట్లో అందరం కూర్చుంటే మా చిన్నది మజ్జిగ గిన్నె తెచ్చి ఎడమచేత్తో పోయడం మొదలుపెట్టింది. ఒక్కరు కూడా తిట్టలేదు. అందరం గోడకేసి చూశాం, అంతే.

మీ ఇంట్లో పాత పెళ్ళి ఫోటో ఉంటే ఇవాళ ఒకసారి దించండి... బంతి చివర ఎవరున్నారో చూసి, వాళ్ళ పేరు ఇక్కడ రాయండి.