సువేచ గారి పంది సందేహాలు

ఏ సభలో ఎవరు దేని గురించి మాట్లాడినా, చివర్లో లేచి తన పంది గురించి ఒక సందేహం అడగనిదే ఇంటికి వెళ్లని మనిషి నెంగా సువేచ. గుడి ఉత్సవాలకు గొడుగులు కుట్టడం ఆయన వృత్తి. గియాన్యార్ పట్టణంలో ఏటా జరిగే కళోత్సవంలో సాయంత్రం ప్రసంగాలన్నిటికీ పసుపు తలగుడ్డ కట్టుకుని వచ్చి, ముందు వరసలో కూర్చునేవాడు.

ఆ ప్రసంగాల ఏర్పాట్లు చూసే కెతుత్ దర్సాకు ఆ తలగుడ్డ అంటేనే హడలు. ఒకసారి నీటి సంఘం పెద్ద ఒకాయన పొలాలకు వంతుల వారీగా నీళ్లు ఎలా వదులుతారో గంటసేపు వివరించాడు. సువేచ లేచాడు.

"అయ్యా, మా పంది కాలువకు అడ్డంగా పడుకుంది. అప్పుడు పోయిన వంతు ఎగువ రైతుదా, దిగువ రైతుదా?"

ఆ పెద్దమనిషి దానికి నలభై నిమిషాలు జవాబు చెప్పాడు. ముసుగులు చెక్కే శిల్పి వచ్చినప్పుడు, నిద్రపోతున్న పంది మొహం చెక్కాలంటే కళ్లు ముందే మూసి చెక్కాలా, చెక్కాక మూయాలా అని అడిగాడు. పంచాంగం పండితుడు వచ్చిన రోజున, ఇక్కడి పంచాంగంలో రెండు వందల పది రోజులకే ఏడాది తిరిగిపోతుంటే తన పంది పెళ్లీడుకు వచ్చినట్టా రానట్టా అన్నాడు. పండితుడు వేళ్లు మడిచి లెక్క కట్టి, ఇంకా రాలేదని తేల్చాడు.

ఒక ఏడాది ఉత్సవ సంఘం అధ్యక్షుడు దర్సాను పిలిచాడు. "నీ ప్రసంగాలకు జనం రావడం లేదు. ఇవాళ నేనే వచ్చి చూస్తా. మండపం ఖాళీగా ఉందంటే రేపటి నుంచి అక్కడ నూడుల్స్ వేపుడు పోటీలు పెట్టిస్తా."

ఆ సాయంత్రం దర్సా గేటు దగ్గరే సువేచను పట్టుకున్నాడు.

"అన్నా, ఈ ఒక్క రోజుకి పందిని ఇంట్లో వదిలెయ్యవూ?"

"నేను వెంట తీసుకురాలేదే."

"అడగొద్దంటున్నా. పెద్దాయన వస్తున్నాడు. నోరు తెరవనని మాటివ్వు."

సువేచ మాటిచ్చాడు. వెళ్లి ముందు వరసలో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆనాటి వక్త కాదెక్ శ్రీనాది. మన వాద్యబృందాల్లో కంచు వాయిద్యాలను జంటలుగా ఎందుకు చేస్తారనేది విషయం. పాపం, ఆమెకు అదే మొదటి ప్రసంగం. కాగితంలోంచి తల ఎత్తకుండా చదవసాగింది. సరిగ్గా అప్పుడే పక్క మైదానంలో కోతిమూకల నృత్యం మొదలైంది. వందమంది ఆటగాళ్లు కోతుల్లా "చక్ చక్ చక్" అని అరుస్తుంటే, ఆమె "శ్రుతి" అన్నది "చితి" అని వినిపించింది. జనం ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. ఆమె రెండు పేజీలు ఒకేసారి తిప్పేసి, గంట ప్రసంగాన్ని పదకొండు నిమిషాల్లో ముగించింది.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అన్నాడు దర్సా.

ఎవరూ కదల్లేదు. అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. శ్రీనాది చేతిలోని కాగితాన్ని మడిచి, మళ్లీ మడిచి, ఇక మడవడానికి వీల్లేనంత చిన్నది చేసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయని దర్సా గమనించాడు. గతిలేక సువేచ వైపు చూసి తల ఊపాడు.

సువేచ వెనక్కి తిరిగి, ఎవరిని చూసి ఊపుతున్నాడా అని చూశాడు. వెనక వరసలో ఎవరూ లేరు.

"నన్నేనా?"

"నిన్నే అన్నా. అడుగు."

"మాటిచ్చాను కదా."

"వెనక్కి ఇచ్చేస్తున్నా. అడుగు బాబూ."

సువేచ లేచి తలగుడ్డ సర్దుకున్నాడు. "అమ్మా, మా వాడలో వాద్యం సాధన మొదలవగానే మా పంది నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. ఒక చెవి ఇటు, ఒక చెవి అటు తిప్పుతుంది. ఆ జంటలో అది దేన్ని వింటున్నట్టు?"

శ్రీనాది పక్కున నవ్వింది. "దేన్నీ కాదు పెదనాన్నా. రెండింటి మధ్య పుట్టే అలని."

సంచిలోంచి రెండు కంచు పలకలు తీసి, ఒకదాన్ని కొట్టింది. మామూలు మోత. రెండోది కొట్టింది. అదీ మామూలే. రెండూ కలిపి కొట్టేసరికి గాలి వణికింది. "చూశారా? కావాలనే ఒకదాన్ని పిసరంత తక్కువ శ్రుతిలో చేస్తారు. రెండూ అచ్చం ఒకేలా ఉంటే వాయిద్యానికి ప్రాణం ఉండదు." ఇక కాగితం జోలికి పోలేదు.

మండపం మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటున్న ఒకతను ఆగాడు. "మా పందైతే పడుకుంటుందే?"

"అది మీ ఊరి శ్రుతి మహిమ," అన్నాడు ఇంకొకడు.

ఊరికో శ్రుతి ఉన్నమాట నిజమేనని శ్రీనాది అనడం ఆలస్యం, ఏ ఊరి శ్రుతి మేలన్న వాదన చెలరేగింది. ఆట ముగించుకున్న కోతిమూకలు చెమటలు తుడుచుకుంటూ వచ్చి తమ ఊరి పక్షాన నిలబడ్డాయి. చివరికి అధ్యక్షుడే లేచి, తన ఊరి వాద్యం మొదలైతే పందులు తిండి కూడా మానేస్తాయని చెప్పాడు. నూడుల్స్ ఊసు మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున దర్సా కృతజ్ఞతగా తవుడు బస్తా ఒకటి స్కూటర్ మీద వేసుకుని సువేచ ఇంటికి వెళ్లాడు. సువేచ భార్య రెంపి గొడుగుకు అంచు కుడుతోంది.

"వదినా, పందికి తెచ్చాను."

"ఎవరి పందికి?"

"అన్నయ్య పందికి."

"ఈ ఇంట్లో పంది ఏనాడూ లేదయ్యా. ఆయనకు దాని వాసనే పడదు."

దర్సా బస్తా దించి దాని మీదే కూర్చున్నాడు. రెంపి సూది ఆపకుండానే చెప్పుకొచ్చింది. పెళ్లయిన కొత్తలో సువేచ వాడ మండపంలో గొడుగుల గురించి ప్రసంగించాడు. నెల్లాళ్లు తయారయ్యాడు. అయ్యాక సందేహాలేమైనా ఉన్నాయా అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"అప్పట్నుంచీ ఇంతే. ఎవరు మాట్లాడతారో తెలిస్తే చాలు, వారం ముందు నుంచీ ఆ విషయం మీదే కూర్చుంటాడు. వాళ్లు చెప్పాలని ఉబలాటపడేది ఏమిటో కనిపెట్టి, ప్రశ్నలో దూరుస్తాడు."

"మరి పంది ఎందుకు వదినా?"

"పంది అంటే ముందు అందరూ నవ్వుతారట. నవ్వేవాళ్ల ముందు మాట్లాడటం తేలికట."

దర్సా తవుడు పక్కింటి వాళ్లకు ఇచ్చేసి వచ్చాడు.

ఆ సాయంత్రం సువేచ వేరే ఊళ్లో పెళ్లికి వెళ్లాడు. తాటాకు మీద రాసే ముసలాయన సన్నని గొంతుతో ప్రసంగం ముగించాడు. సందేహాలున్నాయా అంటే ఎవరూ చెయ్యెత్తలేదు. ముసలాయన గంటం ఒరలో పెట్టుకోబోయాడు. దర్సా గొంతు సవరించుకుని, చెయ్యెత్తాడు.

"అయ్యా, మా ఇంట్లో ఒక బాతు ఉంది..."

దర్సా ఇంట్లో పిల్లి కూడా లేదు.