అరకి పావు కలిపిన రోజు

మా ఇంటి కింది వాటాలో ఉండే మేస్త్రి కుళాయిలు, పైపులు బాగుచేస్తాడు. మా వీధిలో ఏ ఇంట్లో నీళ్ళు రాకపోయినా, వచ్చినవి ఆగకపోయినా ముందు ఆయనకే కబురు. నిరుడు ఒక మేడ మీద నీళ్ళ ట్యాంకు బిగిస్తూ నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. మోకాలి దాకా కట్టు వేసి, ఆరు వారాలు కదలొద్దన్నారు. వాళ్ళావిడ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. పొద్దున్నే వెళ్తే మళ్ళీ సాయంత్రమే రావడం. పగలంతా ఇంట్లో మేస్త్రీ, వాళ్ళమ్మా ఉండేవాళ్ళు. బడి లేని రోజుల్లో ఏడో తరగతి చదివే కూతురు కూడా. ఆ పిల్ల నోరు ఒక్క క్షణం ఊరుకోదు కాబట్టి అందరం పిచ్చుక అంటాం.

మేస్త్రి ఇంటి పట్టున కూర్చోవడం ఎరగని మనిషి. ఆ వారాల్లో ఆయనకి కోపం ముక్కు మీదే ఉండేది. ఫ్యాను చప్పుడైనా కోపమే, కాకపోయినా కోపమే.

ఆ రోజుల్లోనే ఒక గురువారం, పెద్ద తరగతుల పరీక్షలకి గదులు చాలక, ప్రాథమికోన్నత తరగతుల పిల్లలు ఇంటి దగ్గరే చదువుకోవాలన్నారు బళ్ళో. చదువంటే పుస్తకం కాదు, పనులు. ఒక కాగితం ఇచ్చి పంపారు. ఇంట్లో వృథా అయ్యే నీళ్ళు కొలవాలి, పాడైన వస్తువొకటి పెద్దల సాయంతో బాగుచెయ్యాలి, భిన్నాల లెక్కలు పది చెయ్యాలి, ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరిని ఐదు ప్రశ్నలు అడిగి జవాబులు రాయాలి. అన్నీ మర్నాటికల్లా.

ఈ సంగతులేవీ నాకు తెలీవు. నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను, మధ్యాహ్నం డ్యూటీ. పదిన్నరకి తాపీగా స్నానం చేస్తూ ఒళ్ళంతా సబ్బు రుద్దుకున్నానో లేదో, కుళాయి గుర్రుమని ఆగిపోయింది. చేత్తో కళ్ళు తుడుచుకుని, తువ్వాలు చుట్టుకుని, మెట్ల మీంచే కేకేశాను.

“నీళ్ళేవయ్యా మేస్త్రీ!”

జవాబు వంటింట్లోంచి వచ్చింది. “పదే పది నిమిషాలు పెదనాన్నా! మెయిను కట్టేశాం!”

“చెప్పి కట్టాలి కదే!”

“చెప్దామనే మెట్లెక్కా. నువ్వు పాడుతున్నావు, నా మాట నీకు వినబళ్ళేదు.”

కిందికి దిగాను. మేస్త్రి తల్లి నన్ను చూసి చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, బిందెలోంచి ఒక చెంబెడు నీళ్ళిచ్చింది. మొహం కడుక్కుని చూద్దును కదా, మేస్త్రి వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, కట్టు కాలు పీట మీద పెట్టుకుని కూర్చున్నాడు. పిచ్చుక స్టూలెక్కి, రెండు చేతులా పానా పట్టుకుని కుళాయితో కుస్తీ పడుతోంది.

సంగతేమిటంటే, వీధిలో కుళాయిలన్నీ బాగుచేసే ఈ పెద్దమనిషి సొంత వంటింటి కుళాయి నాలుగేళ్ళుగా కారుతోంది. ‘ఆదివారం చూస్తా’ అని ఆయన అంటూనే ఉన్నాడు. పిచ్చుక పొద్దున్న ఆ చుక్కల కింద గ్లాసు పెట్టి, పది నిమిషాల్లో పడ్డ నీళ్ళని దగ్గుమందు మూతతో కొలిచింది. రెండున్నర మూతలు. మూత పది మిల్లీలీటర్లు. గంటకెంత, రోజుకెంత, ఏడాదికెంత అని హెచ్చించుకుంటూ పోయి, నాలుగేళ్ళకి ఐదువేల రెండువందల యాభై ఆరు లీటర్లని తేల్చి, ఆ కాగితం తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

“తప్పు వేసుంటావు,” అన్నాడట.

“నువ్వే వెయ్యి మరి.”

వెయ్యలేదు. కాసేపు కాగితం వంక చూసి, “పానా తీసుకురా,” అన్నాడు.

నేను గోడకానుకుని నిలబడ్డాను. ఒంటి మీద సబ్బు ఎండిపోతున్నా కదలబుద్ధి కాలేదు. ఆయన కుర్చీలోంచి చెప్తున్నాడు, అది చేస్తోంది. “అటు కాదు, ఎడమకి... నీ ఎడమ కాదే, కుళాయి ఎడమ.” “కుళాయికి ఎడమేంటి నాన్నా?” “నోరు ముయ్యి, తిప్పు.” పాత వాషరు ఊడొచ్చింది, నమిలి పారేసిన తోలుముక్కలా ఉంది. కొత్తది వేసి బిగించింది. మెయిను తిప్పగానే కుళాయి మెడ దగ్గర్నుంచి నీళ్ళు చిమ్మి పిల్ల మొహమంతా తడిసింది. ఇంకేముంది, ఆయన విరుచుకుపడతాడనుకున్నాను. అలాంటిదేం జరగలేదు.

“మర వంకరగా ఎక్కింది. నాకూ మొదటిసారి ఇలాగే అయింది. విప్పి మళ్ళీ బిగించు,” అన్నాడంతే.

రెండోసారి నిలిచింది. పిచ్చుక చేతులు దులుపుకుని నన్ను చూసి అంది, “పెదనాన్నా, ఇంక పాడుకో.”

స్నానం, భోజనం ముగించుకుని పేపరు వంకతో మళ్ళీ కిందికి దిగాను. భిన్నాల దగ్గర గొడవ జరుగుతోంది. అరకి పావు కలిపి ఆరింట రెండు అని వేసింది పిల్ల. పైవి పైవీ, కిందివి కిందివీ కలిపేసిందన్నమాట.

“ఆరింట రెండంటే ఎంతే? మూడోవంతు. అరకంటే తక్కువ. ఉన్నదానికి ఇంకాస్త చేరిస్తే ఉన్నది కూడా పోయిందా?” అన్నాడు మేస్త్రి.

“బళ్ళో అలాగే చేశా. తప్పన్నారు. ఎందుకు తప్పో అర్థం కాలా.”

ఆయన సంచీలోంచి పైపుముక్కలు తీయించాడు. అరడుగుదొకటి, పావడుగుదొకటి. రెండూ నేల మీద వరసగా పెట్టి, పక్కన అడుగుబద్ద పెట్టమన్నాడు. తొమ్మిదంగుళాలు. “పన్నెండింట్లో తొమ్మిది. అంటే ముప్పావు.” ఇంకో పావడుగుది తీయించి, అరడుగు ముక్క పక్కన రెండు పావడుగువీ పేర్పించి, “అర అంటే రెండు పావులు. ముందు రెంటినీ ఒకే ముక్కల్లోకి తెచ్చుకో, అప్పుడు లెక్కపెట్టు,” అన్నాడు. మిగిలిన లెక్కలు ఆ పిల్ల చకచకా చేసేసింది. ఒకటి తప్పిందిలెండి, పైపుకి కాదు, తొందరకి.

ఆఖరికి ఐదు ప్రశ్నలు మిగిలాయి. మొదటి మూడూ పని గురించి, ఇష్టాయిష్టాల గురించి. నాలుగోది, చదువు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని.

ఈ కథ మా అందరికీ తెలిసిందే. ఏడో తరగతిలో ఉండగా తండ్రి బడి మాన్పించి పనిలో పెట్టాడని మేస్త్రి ఎన్నోసార్లు చెప్పాడు. పిచ్చుక అడగకుండానే రాసెయ్యబోయింది కూడా.

“ఆగు,” అన్నాడు మేస్త్రి.

పైపుముక్క ఒకటి తీసుకుని చేతిలో తిప్పాడు.

“మా నాన్న మాన్పించలేదమ్మా. నేనే మానేశా. ఆ రోజు ఈ లెక్కల పరీక్షే. ప్రశ్నల కాగితం చూడగానే కళ్ళు బైర్లు కమ్మాయి. ఒంటికని చెప్పి బయటికెళ్ళి, గోడ దూకి పారిపోయా. మళ్ళీ వెళ్తే పిల్లలు నవ్వుతారని వెళ్ళలా. నాన్న బతిమాలాడు. వారం రోజులు నా చెయ్యి పట్టుకుని బడి గేటు దాకా తీసుకెళ్ళాడు. గేటు దగ్గర విడిపించుకుని పరిగెత్తేవాణ్ణి. తర్వాత ఎవరన్నా అడిగితే సిగ్గేసి, నాన్న మీదకి తోసేశా. ఒకసారి అన్నాక అదే నిలిచిపోయింది.”

పిచ్చుక కలం కాగితం మీంచి ఎత్తింది. మెల్లగా అడిగింది, “ఇది రాయనా? పాతదే రాయనా?”

“ఇదే రాయి.”

గోడవార ఉతికిన బట్టలు మడతపెడుతున్న మేస్త్రి తల్లి చేతులు ఆగిపోయాయి. “ఆయనకి తెలుసురా, నువ్వు అందరితో అలా చెప్తున్నావని,” అంది. “నేను నిన్ను నిలదీస్తానంటే ఆయనే వద్దన్నాడు. పోనీలే, వాడికి అలా అనుకుంటే తేలిగ్గా ఉంటుందేమో అన్నాడు.”

మేస్త్రి తల వంచుకున్నాడు. నేను పేపరు మడిచి పైకొచ్చేశాను. అక్కడ నేను ఉండాల్సిన సమయం కాదది.

వారం తర్వాత పిచ్చుక కాగితం దిద్దించుకుని వచ్చింది. నీళ్ళ లెక్కకి మంచి మార్కులు వేశారట. నాలుగో జవాబు కింద మాత్రం మార్కేమీ లేదు. కట్టు విప్పాక ఒకసారి బడికి రమ్మని లెక్కల టీచరమ్మ రాసింది. తిట్టడానికేమోనని మేస్త్రి కట్టు విప్పాక కూడా రెండు రోజులు వాయిదా వేశాడు. చివరికి పిచ్చుకే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. పెద్దవాళ్ళు ప్రైవేటుగా ఏడో తరగతి పరీక్ష రాసే వీలుందని చెప్పడానికే పిలిచిందట ఆవిడ.

రాశాడు. ఫలితాలొచ్చిన రోజు, ఇంకా కుంటుతున్న కాలితోనే గబగబా మెట్లెక్కి మా గుమ్మంలో నిలబడ్డాడు.

“లెక్కల్లో డెబ్భై ఒకటి, అన్నయ్యగారూ!”

“శభాష్! మిగతావి?”

“సోషల్ పోయింది. నదులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిపేశా.” అంటూనే నవ్వాడు. “మళ్ళీ కడుతున్నా.”

కింద నుంచి పిచ్చుక గొంతు వినబడింది. “నాన్నా, అట్లాసు తీశా, రా!”

“వస్తున్నానే తల్లీ,” అని దిగిపోయాడు.