రిజెక్ట్ లిస్టులో నలుగురు

1999 జూన్‌లో సింగపూర్‌లోని ఒక డేటా కంపెనీలో సీనియర్ అనలిస్టుగా చేరాను. మొదట అప్పగించిన పని విచిత్రమైనది. జర్మనీలో ఎప్పుడో మూతబడిన ఒక జిమ్నాసియం, అంటే యూనివర్సిటీ చదువుకు తయారుచేసే హైస్కూలు, చరిత్ర రాయాలని పూర్వ విద్యార్థులు పూనుకున్నారు. పాత అడ్మిషన్ రిజిస్టర్ల ఫోటోకాపీలు మాకు పంపారు. ఇద్దరు ఆపరేటర్లు వాటిని టైపు చేసేవారు. నా ప్రోగ్రాం వడకట్టేది. పుట్టిన తేదీ, చివరి పరీక్ష ఫలితం, ఏ గడి ఖాళీగా ఉన్నా ఆ పేరు రిజెక్ట్ లిస్టులోకి పోతుంది.

రిజెక్టులను డెలివరీకి ముందు అనలిస్టు ఒకసారి చూడాలి. నేను చూడలేదు. సగం నిండిన రికార్డు చెత్తే కదా అనుకున్నాను. జాబితా పంపేశాం, రిజెక్టులు చెరిపేశాం, ఒప్పందం ప్రకారం ఫోటోకాపీలు ముక్కలు చేశాం.

డిసెంబరులో పూర్వ విద్యార్థుల సంఘం నుంచి మెయిల్ వచ్చింది. నేలమాళిగలోకి నీళ్లు చేరి అసలు రిజిస్టర్లు ముద్దయిపోయాయట. ఇక మీ జాబితాయే దిక్కు అని రాశారు. చదివి గర్వపడ్డాను కూడా, సిగ్గులేకుండా.

జనవరిలో ఆ సంఘం పెద్దాయన స్వయంగా వచ్చారు. అదే బడిలో చదివి, అక్కడే చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తన తరగతి పేజీ తీసి వేలితో ఒక్కో పేరూ చదివారు. తనతో కలిపి ముప్పై ఒక్కరు ఉండాలన్నారు. ఇరవై ఏడుగురే ఉన్నారు. మిగతా నలుగురు యూదుల పిల్లలని, 1936లో బడి నుంచి వెళ్లగొట్టారని, అందులో ఒకడు తన బెంచీవాడేనని గొంతు పెంచకుండా చెప్పారు.

వెళ్లగొట్టిన పిల్లలకు చివరి పరీక్ష ఎక్కడిది? నాజీలు ఒకసారి తీసేసిన పేర్లను నేను రెండోసారి తీసేశాను. బ్యాకప్ టేపులు వెతికాను. వారం వారం వాటి మీదే మళ్లీ రాస్తాం కాబట్టి ఏమీ మిగల్లేదు. ఉద్యోగం పోతే సింగపూర్‌లో ఉండనిచ్చే వర్క్ పాస్ రద్దవుతుంది, చోవా చూ కాంగ్‌లోని అద్దె ఫ్లాట్ ఖాళీ చేయాలి. ఆ భయం లేదంటే అబద్ధం. కానీ మీటింగ్ రూములో కళ్లజోడు తుడుచుకుంటూ ఎదురుచూస్తున్న ఆ మనిషి దగ్గరికి తిరిగి వెళ్లాలంటే అంతకన్నా భయమేసింది.

ఆపరేటర్ సాజిదా నా ముఖం చూసి సంగతి అడిగింది. హైదరాబాద్ పిల్ల. చెప్పాను.

“యా అల్లా! పరేషాన్ గాకక్కా. నా బ్యాచుల రిజెక్ట్ లిస్టులు ప్రింట్ తీసి పెట్టిన. పేర్లు గదా, చింపబుద్ధి కాలే.”

డ్రాయరు లోంచి ఫైలు తీసింది. అందులో ముగ్గురు దొరికారు. నాలుగో పేరు రెండో ఆపరేటర్ బ్యాచులో పడింది. ఆ లిస్టు లేదు.

లోపలికి వెళ్లి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆయన ఆ మూడు పేర్లూ చదివారు. తర్వాత నా కంప్యూటర్ దగ్గరికొచ్చి పక్కన కూర్చుని, దొరకని నాలుగో పేరు తన బెంచీవాడిదేనని ఒక్కో అక్షరం చెప్పారు. ఎంటర్ కొట్టాను. పుట్టిన తేదీ లేదని నా ప్రోగ్రాం ఆ పేరును తీసుకోలేదు. తేదీ తనకు తెలియదని, తెలిసినవాళ్లెవరూ మిగల్లేదని చెప్పారు.

ఆయన చూస్తుండగానే ఆ నియమం తీసేశాను. ఈసారి పేరు నిలిచింది.

ఆ తర్వాత పదిహేడేళ్లు ఉద్యోగం చేశాను. ఖాళీ గడి ఎందుకు ఖాళీగా ఉందో మనిషిని అడగకుండా ఏ రికార్డునూ చెరపలేదు.